వర్జీనియా నుండి మచిలీపట్టణానికి

క్రీ.శ. 1611లో ఈస్టిండియా కంపెనీ వారి గ్లోబ్ అనే నౌక గోల్కొండ రాజ్యపు రేవైన మచిలీపట్టణాన్ని చేరింది. అక్కడ ఆంగ్లేయుల వర్తకస్థానం వెలసింది. ఆ ఏడాది మే నెలలోనే సర్ థామస్ డేల్ సుమారు 300 మందితో అమెరికా తీరాన, వర్జీనియాలోని జేమ్స్‌టౌన్‌లో దిగాడు. ఎనిమిదేండ్ల తరువాత తన అంత్యకాలం మచిలీపట్టణంలోనే గడుస్తుందని ఆయన ఊహించి ఉండడు.

వర్జీనియా వలసకు 1606లో జేమ్స్ రాజు ఇచ్చిన అధికారపత్రం క్రైస్తవమత వ్యాప్తిని ఆశయంగా పేర్కొన్నది. లాభాపేక్ష లేకపోలేదు. అయినా డేల్ ఆ ఆశయాన్ని మనసారా నమ్మినవాడు. నెదర్లాండ్స్ యుద్ధాలలో ఆరితేరిన ఆ సైనికునికి భక్తి, క్రమశిక్షణ వేరువేరు కావు. తనకు ముందున్న పాలకుడు గేట్స్ ప్రారంభించిన శాసనాలను ఆయన మరింత కఠినం చేశాడు. దినమునకు రెండుమార్లు అందరూ ప్రార్థనకు రావాలి. రాకుంటే తొలిసారి ఆ దినపు తిండి పోతుంది, మలిసారి కొరడాదెబ్బలు. ఆదివారపు ఆరాధనకు మూడవసారి తప్పితే మరణదండనే. ఆకలికి తాళలేక స్థానిక తెగల వద్దకు పారిపోయి పట్టుబడిన వారిని ఆయన ఉరితీయించాడు, సజీవదహనం కూడా చేయించాడు.

స్థానిక ప్రభువు పౌహటన్ కుమార్తె పోకహాంటస్ 1613లో ఆంగ్లేయులకు బందీగా చిక్కింది. విటేకర్ అనే మతాచార్యుడు ఆమెకు క్రైస్తవం బోధించాడు. ఆమె రెబెకాగా మారి, 1614లో జాన్ రాల్ఫ్‌ను పెండ్లాడింది. ఈ ఒక్క ఆత్మను గెలుచుకున్నందుకే తన శ్రమ ఫలించిందని డేల్ సంతోషించాడు. చెరలో ఉన్న కన్య మతం మారితే అందులో ఆమె ఇచ్ఛ ఎంతో ఆయన తర్కించుకున్నట్లు తోచదు.

విచిత్రమేమంటే, వలస కడుపు నింపినవి ఈ శాసనాలు కావు. డేల్ మనిషికి మూడెకరాల వంతున సొంత సాగుకు నేల పంచాడు. అప్పటినుండి ధాన్యం పెరిగింది.

1616లో ఆయన రెబెకా దంపతులతో ఇంగ్లండుకు మరలాడు. 1618లో ఈస్టిండియా కంపెనీ నౌకాదళానికి నాయకుడై తూర్పుకు వచ్చి, జావా సమీపంలో ఒకనాడు తాను కొలిచిన డచ్చివారితోనే పోరాడాడు. అక్కడినుండి మచిలీపట్టణం చేరాడు. అది మహమ్మద్ కుతుబ్‌షా ఏలుబడి. సుల్తాను అనుమతితో సరకు కొని అమ్ముకోవడమే తప్ప, ఎవరినీ ప్రార్థనకు రమ్మని శాసించే అధికారం అక్కడ ఆంగ్లేయులకు లేదు. 1619 ఆగస్టులో డేల్ ఆ రేవులోనే కన్నుమూశాడు.

అంతకు కొద్దిదినాల ముందే, జేమ్స్‌టౌన్ చర్చిలో వలసవాసుల తొలి ప్రతినిధిసభ సమావేశమైంది. ఆదివారపు ఆరాధనకు రానివారికి అది విధించిన శిక్ష మూడు షిల్లింగుల జరిమానా. సేవకులకు మాత్రం దెబ్బలు తప్పలేదు.