లెక్కను తెలుగు చేసిన పావులూరి మల్లన



రోజూ చందానగర్ స్టేషన్‌లో రైలు చూసే మనమే, పరీక్షలో "ఒక రైలు గంటకు..." అని చదవగానే పెన్ను ఆపేస్తాం. అలాంటి భయం పోగొట్టే పనిని వందల ఏళ్ల క్రితమే తెలుగులో మొదలుపెట్టిన మహనీయుడు పావులూరి మల్లన.

ఆయనది 11వ శతాబ్దం అని చాలామంది పండితుల అభిప్రాయం. 12వ శతాబ్దం అనేవారూ ఉన్నారు. రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుని కాలంలో నన్నయ భారతాన్ని తెలుగు చేశాడు. మల్లన లెక్కను తెలుగు చేశాడు. 850 ప్రాంతంలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో జైనుడైన మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసారసంగ్రహం రాశాడు. మల్లన దానిని పద్యాలలో సారసంగ్రహ గణితంగా మలిచాడు. మూలంలో జినుడున్న చోట, శివభక్తుడైన మల్లన శివుణ్ణి పెట్టుకున్నాడు. తాటాకుల మీద ఎక్కించుకుంటూ జనం ఆ పుస్తకాన్ని కాపాడుకున్నారు.

మహావీరుని గ్రంథంలో ప్రయాణాల లెక్కలూ ఉన్నాయి. ఒకరు రోజూ ఒకే వేగంతో, ఇంకొకరు రోజురోజుకూ వేగం పెంచుతూ నడిస్తే ఎన్నాళ్లకు కలుస్తారు? ఆయన సూత్రం ఇది: స్థిర వేగంలోంచి రెండోవాని మొదటిరోజు నడక తీసెయ్యి, రోజువారీ పెరుగుదలలో సగంతో భాగించు, ఒకటి కలుపు.

మన అంకెలతో చూద్దాం. రాముడు రోజుకు 10 కిలోమీటర్లు నడుస్తాడు. సోముడు మొదటిరోజు 4, తర్వాత రోజుకు 2 చొప్పున ఎక్కువ. కలిసే రోజు x అనుకుందాం. రాముని దూరం 10x. సోముని దూరం x(3 + x). రెండూ సమానం కనుక 10 = 3 + x. అంటే x = 7. ఇద్దరూ 70 కిలోమీటర్లు నడిచి ఉంటారు. సూత్రంతో చేసినా 6ను 1తో భాగించి 1 కలిపితే 7 వస్తుంది.

మా నాన్న ఇక్కడి పెద్ద భవనాలకు ఇటుకలు మోశాడు. చదువు లేదు కాబట్టి ఎదుటివాడు చెప్పిందే కూలి లెక్క. నేను ఏడో తరగతిలో ఉండగా ఒక శనివారం ఆ చీటీ కూడి చూశాను. రెండు రోజుల కూలి తక్కువుంది. నాన్న వెళ్లి అడిగి తెచ్చుకున్నాడు. ఆ రోజు నుంచి నాకు లెక్కలంటే మార్కులు కాదు.

మల్లన పుణ్యమా అని లెక్క మన భాషలోకి వచ్చింది. మన ఇళ్లలోకి తేవలసింది మనమే. భయం వేస్తే తెలియనిదానికి x అని పేరు పెట్టండి. పేరు పెట్టాక అది కొత్త మనిషి కాదు.