ప్రజాభీష్టాన్ని గణించిన మేధావి - కోండోర్సే

అధికసంఖ్యాకుల అభిప్రాయమే శిరోధార్యమన్నది ప్రజాస్వామ్యానికి మూలసూత్రం. అయితే ఆ అభిప్రాయం అన్నివేళలా ఒక నిశ్చితరూపం పొందుతుందా? ఈ ప్రశ్నను గణితదృష్టితో పరిశీలించిన తొలితరం మేధావులలో అగ్రగణ్యుడు కోండోర్సే.

ఆయన 1743 సెప్టెంబరు 17న ఫ్రాన్సు దేశంలోని రిబ్‌మాం పట్టణంలో ప్రభువంశంలో జన్మించాడు. పసితనంలోనే తండ్రిని కోల్పోయాడు. గణితంలో అసాధారణ ప్రతిభ కనబరచి, 1769లో పారిస్‌లోని శాస్త్ర అకాడమీలో సభ్యత్వం పొందాడు. అనంతరం దానికి శాశ్వత కార్యదర్శి అయ్యాడు.

అధికసంఖ్యాకుల నిర్ణయాలకు సంభావ్యతా సిద్ధాంతాన్ని అన్వయిస్తూ 1785లో ఆయన ఒక ఉద్గ్రంథాన్ని ప్రకటించాడు. అందులోని ఒక విషయం విద్వాంసులను నేటికీ ఆలోచింపజేస్తున్నది. క, చ, ట అనే ముగ్గురు అభ్యర్థులు, ముగ్గురు ఓటర్లు ఉన్నారనుకొందాం. మొదటి ఓటరు క, చ, ట అనే వరుసలోనూ, రెండవవాడు చ, ట, క అనే వరుసలోనూ, మూడవవాడు ట, క, చ అనే వరుసలోనూ వారిని ఇష్టపడ్డారు. ఇద్దరిద్దరిని పోల్చి చూస్తే చ కంటె క, ట కంటె చ, క కంటె ట మిన్న అని ఇద్దరేసి ఓటర్లు తీర్పు చెప్పినట్లవుతుంది. ప్రతి ఓటరు ఆలోచనా సక్రమమే. కాని సమష్టి నిర్ణయం మాత్రం గానుగెద్దులా ఒకేచోట తిరుగుతుంది.

నిర్ణేతలలో ప్రతివ్యక్తీ స్వతంత్రంగా ఆలోచిస్తూ, పొరపడటం కంటె సత్యాన్ని గ్రహించే అవకాశమే ఎక్కువగా కలవాడైతే, వారి సంఖ్య పెరిగినకొద్దీ నిర్ణయం సత్యానికి చేరువవుతుందని కూడా ఆయన నిరూపించాడు. వ్యక్తులు పొరపడే అవకాశమే ఎక్కువైతే ఫలితం తారుమారవుతుంది. కనుక ప్రజలకు ఓటుతోపాటు విద్య కూడా అవసరమని విశ్వసించి, 1792లో సార్వత్రిక విద్యాప్రణాళికను శాసనసభకు సమర్పించాడు. స్త్రీలకు పౌరహక్కులు ఉండాలని 1790లోనే వాదించాడు. బానిసత్వాన్ని నిరసించాడు.

ఫ్రెంచి విప్లవాన్ని మనసారా స్వాగతించినా, ఆయన తన వివేకాన్ని సమూహానికి తాకట్టు పెట్టలేదు. మరణశిక్షకు వ్యతిరేకి కావడంచేత 1793 జనవరిలో రాజుకు ఆ శిక్ష విధించడానికి సమ్మతించలేదు. అదే సంవత్సరం జాకోబిన్ల రాజ్యాంగాన్ని విమర్శించినందుకు జూలైలో ఆయనను నిర్బంధించవలసిందిగా ఆజ్ఞ వెలువడింది. అధికసంఖ్యాకుల నిర్ణయాన్ని పరిశోధించిన మనిషికి ప్రతినిధిసభ నిర్ణయమే ప్రాణాంతకమైంది.

పారిస్‌లో ఒక వితంతువు ఇంట సుమారు తొమ్మిది నెలలు అజ్ఞాతంగా గడిపాడు. మృత్యువు పొంచి ఉన్నవేళ కూడా మానవమేధ సాధించే ప్రగతిని గురించే గ్రంథం రచించాడు. తనకు ఆశ్రయమిచ్చిన ఇల్లాలికి ఆపద కలుగరాదని 1794 మార్చిలో ఆ ఇల్లు విడిచి, కొద్దిరోజులకే పట్టుబడ్డాడు. ఆ నెలాఖరులో చెరసాలలో విగతజీవుడై కనిపించాడు. ఆ గ్రంథం 1795లో వెలుగుచూసింది.

1951లో అమెరికా ఆర్థికవేత్త కెన్నెత్ ఆరో ఈ సమస్యనే మరింత విస్తృతంగా నిరూపించడంతో సామాజిక ఎంపిక సిద్ధాంతం ఒక శాస్త్రంగా రూపుదిద్దుకొంది. ఓట్లను లెక్కించడంతోనే ప్రజాస్వామ్యం పూర్తికాదనీ, ఓటువేసే మనసు వికసించాలనీ కోండోర్సే జీవితం బోధిస్తున్నది.