చూసింది చూసినట్లు రాసిన యాత్రికుడు

క్రీస్తుశకం 622. దైవప్రవక్త ముహమ్మద్ (స) మక్కా విడిచి మదీనాకు హిజ్రత్ చేసిన సంవత్సరం. సరిగ్గా అదే ఏడాది చైనాలో ఇరవయ్యేళ్ళ యువకుడు ఒకరు బౌద్ధ భిక్షువుగా పూర్తి దీక్ష తీసుకున్నారు. బడి పుస్తకాల్లో మనమందరం పేరు చదువుకున్న హుయాన్‌త్సాంగ్ ఆయనే.

అది లోకం తలకిందులవుతున్న కాలం. ఉర్దూ చదువరులు హిర్ఖల్‌గా ఎరిగిన రోమన్ చక్రవర్తి హెరాక్లియస్, ఇరాన్ చక్రవర్తి ఖుస్రో పర్వేజ్ ఏళ్ళ తరబడి పోరాడుకున్నారు. ఆ పోరులో రెండు సామ్రాజ్యాలూ నీరసించాయి. చైనాలో తాంగ్ వంశం 618లో కొత్తగా గద్దెనెక్కింది. దక్కనులో చాళుక్యరాజు రెండవ పులకేశి ఏలుబడి సాగుతోంది.

హుయాన్‌త్సాంగ్ దిగులు మాత్రం రాజ్యాల గురించి కాదు. చైనాలో దొరికే ధర్మగ్రంథాల అనువాదాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదు. మూలం చూడనిదే సందేహం తీరదని ఆయన నిశ్చయించుకున్నారు. సరిహద్దు దాటరాదని రాజాజ్ఞ ఉన్నా, 629 ప్రాంతంలో రహస్యంగా బయలుదేరారు. ఎడారిలో నీటితిత్తి చేజారి, నాలుగు రాత్రులు, ఐదు పగళ్ళు చుక్క నీరు లేక అల్లాడారు. తుర్ఫాన్ రాజు తన కొలువులోనే ఉండిపొమ్మని పట్టుబడితే, అన్నపానీయాలు మానేసి ఆ రాజు మనసు మార్చారు.

నలందాలో వృద్ధ గురువు శీలభద్రుని వద్ద కొన్నేళ్ళు చదివి, 639 ప్రాంతంలో ఆయన మన తెలుగునేలకు వచ్చారు. వేంగి సీమలో ఇరవై విహారాలు, మూడు వేల మంది భిక్షువులు కనిపించారు. అక్కడినుంచి అమరావతి ప్రాంతపు ధాన్యకటకానికి వెళ్ళారు. అక్కడ ఎక్కువ విహారాలు పాడుబడి ఉన్నాయి. నిలిచినవి ఇరవై, భిక్షువులు వెయ్యి మంది. ఇతరుల ఆలయాలు వంద. ఇవన్నీ ఆయన ఉన్నదున్నట్లు గ్రంథస్థం చేశారు.

మనం గమనించవలసింది ఇక్కడే. తన మతం వెనకబాటును ఆయన దాచలేదు, అంకె పెంచి చెప్పలేదు. అందుకే చరిత్రకారులు నేటికీ ఆయన రాతను ఆధారంగా తీసుకుంటున్నారు. మన నగరంలో మూసీ ఒడ్డున చైతన్యపురి వద్ద విష్ణుకుండినుల కాలపు ప్రాకృత శాసనం గోవిందరాజ విహారాన్ని పేర్కొంటోంది. ఆ విహారం ఇప్పుడు లేదు. రాత మాత్రం మిగిలింది.

645లో ఆయన 657 గ్రంథాలతో చాంగాన్ నగరానికి తిరిగి వచ్చారు. చక్రవర్తి పదవి ఇస్తానంటే వద్దని, 664లో కన్నుమూసేవరకు అనువాదంలోనే గడిపారు. పూర్తిచేసినవి 75 గ్రంథాలు. 651లో ఖలీఫా హజ్రత్ ఉస్మాన్ (రజి) కాలంలో అరబ్బుల రాయబారం తొలిసారి ఆ నగరానికే వచ్చిందని చైనా చరిత్రలు చెబుతున్నాయి. అప్పుడు ఆయన అక్కడే అనువాదాలు చేస్తూ ఉన్నారు.

చదువు కోసం జిల్లాల నుంచి అమీర్‌పేట, పంజాగుట్ట హాస్టళ్ళకు చేరే పిల్లలను మేము రోజూ చూస్తుంటాం. ఇల్లు విడిచి రావడం చదువులో సగమే. తెలుసుకున్నది తనవారికి చేదుగా ఉన్నా, కల్తీ లేకుండా వారికి అందించడం మిగతా సగం. ఆ రెండో సగం మన పిల్లలకు నేర్పుతున్నామా? ఇది తల్లిదండ్రులూ, ఉపాధ్యాయులమైన మేమూ వేసుకోవలసిన ప్రశ్న.