కడలిని ఇంటికి తెచ్చినవాడు: ఫిలిప్ హెన్రీ గాస్ జీవితం

సముద్రానికి సుమారు నూరు కిలోమీటర్ల దూరాన, నల్లమల కొండలకు తూర్పున ఉన్నది మన తర్లుపాడు. తర్లుపాడే గాక మార్కాపురం, కంభం, గిద్దలూరు, ఏ ఊరు తీసుకున్నా మన పెద్దలలో కడలిని కన్నులారా చూడకనే కాలం గడిపినవారు అనేకులు. చినగంజాం కొటార్ల ఉప్పు రూపంలోనే సముద్రం మన వంటిండ్లకు చేరేది. పగడమన్నా మనకు మెడలోని పూసయే. ఉర్దూలో దానిని మర్జాన్ అంటారు; ముచ్చటపడి బిడ్డలకు ఆ పేరు పెట్టుకొనే కుటుంబాలూ ఉన్నవి. అయితే ఆ పూస ఒకప్పుడు ప్రాణమున్న చిన్న జంతువులు కట్టుకొన్న గూడు. అట్టి జంతువులను ఇంటిలో, గాజు తొట్టెలో, సజీవంగా పెంచవచ్చునని సామాన్య ప్రజలకు నేర్పినవారిలో అగ్రగణ్యుడు ఫిలిప్ హెన్రీ గాస్. ఆయన సాధించిన విజయమూ, ఆ విజయమే ఆయనకు తెచ్చిపెట్టిన వేదనా రెండూ మన విద్యార్థులు తెలిసికోదగినవని భావించి ఈ వ్యాసానికి పూనుకొన్నాము.

గాస్ 1810 ఏప్రిల్ 6వ తేదీన ఇంగ్లండులోని వూస్టర్ పట్టణంలో జన్మించాడు. తండ్రి థామస్ గాస్ ఊరూరా తిరుగుతూ చిన్న చిన్న ముఖచిత్రాలు గీసి పొట్టపోసుకొనే చిత్రకారుడు. ఇంటిలో కలిమి లేదు. బాల్యమంతా దక్షిణ తీరాన ఉన్న పూల్ అనే రేవు పట్టణంలో గడిచింది. సముద్రపు పురుగు పుట్రల పట్ల ఆ బాలునికి ఆసక్తి కలిగించినది ఆయన మేనత్త. తండ్రి నుండి కుంచె పట్టుకొనే నేర్పు, మేనత్త నుండి పరిశీలించే చూపు అబ్బినవి. ఈ రెండే జీవితాంతం ఆయన ఆస్తి. కళాశాల చదువు ఆయనకు దక్కలేదు.

పదిహేడవ యేట, 1827లో, పొట్టకూటికై సముద్రం దాటి న్యూఫౌండ్లాండు దీవిలోని కార్బొనియర్ రేవుకు వెళ్ళి ఒక వర్తకుని కొట్టులో గుమాస్తాగా చేరాడు. పగలు చేపల లెక్కలు వ్రాయడం, తీరిక వేళ కీటకాలను సేకరించి బొమ్మలు గీయడం, ఇదే దినచర్య. 1832లో సూక్ష్మదర్శిని గురించిన పాత పుస్తకమొకటి కొన్నాడు. ప్రకృతి శాస్త్రమే తన మార్గమని ఆనాడే నిశ్చయించుకొన్నాడు. 1835లో కెనడాకు పోయి మూడేండ్లు వ్యవసాయం చేశాడు, అది కలిసిరాలేదు. 1838లో అమెరికాలోని అలబామా రాష్ట్రంలో బడిపంతులుగా పనిచేశాడు. అక్కడి నీగ్రో బానిసల దుఃస్థితిని చూచి సహించలేక ఏడాది తిరుగకముందే వెళ్ళిపోయి 1839లో స్వదేశం చేరాడు. జేబులో డబ్బు లేదు. పెట్టెలో ఒక వ్రాతప్రతి మాత్రం ఉన్నది. ఆ ప్రతియే 1840లో కెనడా ప్రకృతిని గురించిన గ్రంథంగా వెలువడి ఆయనను రచయితగా నిలబెట్టింది. 1844 నుండి 1846 వరకు జమైకా దీవిలో ఉండి పక్షులను పరిశీలించాడు. అక్కడ తనకు తోడ్పడిన శామ్యూల్ క్యాంబెల్ అనే నల్లజాతి యువకునికీ, రిచర్డ్ హిల్ అనే స్థానిక విద్వాంసునికీ తన గ్రంథంలో గౌరవం ఇచ్చాడు. సాయపడినవారి పేరు దాచుకొనే ఆ కాలపు దొరల నడుమ ఈ గుణం గమనింపదగినది.

1848లో ఎమిలీ బోస్ అనే రచయిత్రిని వివాహమాడాడు. మరుసటి ఏట ఎడ్మండ్ జన్మించాడు. ఎడతెగని వ్రాతపనితో గాస్ ఆరోగ్యం దెబ్బతిన్నది. వైద్యుల సలహాపై 1852లో భార్యాబిడ్డలతో డెవన్ సముద్రతీరానికి వెళ్ళాడు. ఆ ప్రయాణం ఆయన జీవితాన్నే మలుపు తిప్పింది.

ఆ తీరంలో ఆటు వచ్చి నీరు వెనుకకు తీసినప్పుడు రాళ్ళ నడుమ చిన్న చిన్న మడుగులు మిగులుతవి. ఒక్కొక్క మడుగూ ఒక్కొక్క తోట. ఎర్రని, పచ్చని నాచు, రొయ్యలు, పీతలు, పువ్వువలె విచ్చుకొని అంతలో ముడుచుకొనే సీ అనిమోన్లు. వీటిని మనం సాగర కుసుమాలని పిలుచుకొందాము. వీటికి దగ్గరి చుట్టాలే పగడపు జీవులు. ఇల్ఫ్రాకూంబ్ తీరంలో ఎరుపు, పసుపు రంగులతో మెరిసే చిన్న పగడపు జాతినొకదానిని గాస్ కనుగొని 1853లో శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. నేటికీ ఆ జాతి శాస్త్రీయ నామం వెంట ఆయన పేరు నిలిచియున్నది.

చూచినదానిని నీటితో సహా ఇంటికి తెచ్చుకోవడమెట్లు? సముద్రజీవిని బిందెలో వేస్తే ఒకటి రెండు దినాలలో నీరు కంపుకొట్టి అది చచ్చిపోయేది. ఈ సమస్యపై గాస్‌కు ముందే కొందరు శ్రమించారు. సిసిలీ దీవిలో జీన్ విల్‌ప్రూ పవర్ అనే ఫ్రెంచి మహిళ 1830 దశకంలోనే గాజు తొట్లలో సముద్ర జీవులను పెంచి పరిశోధించింది. అన్నా థిన్ అనే ఆంగ్ల మహిళ 1846లో టార్కీ తీరం నుండి పగడపు జీవులను లండనుకు తెచ్చి మూడేండ్లు పోషించింది. ఆమె ఇంటి పనిమనిషి ప్రతి దినమూ ముప్పావు గంట వరకు తెరచిన కిటికీ ముందు నిలిచి ఆ నీటిని పాత్ర నుండి పాత్రకు పోసేది. గాలి కలియడానికి అంతటి శ్రమ! రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు మంచినీటి తొట్టెలో చేపను, మొక్కను, నత్తను కలిపి ఉంచి 1850లో ఒక సూత్రాన్ని ప్రకటించాడు. చేప విడిచిన బొగ్గుపులుసు వాయువును మొక్క గ్రహిస్తుంది. వెలుతురులో మొక్క విడిచిన ప్రాణవాయువు చేపకు ఊపిరి అవుతుంది. కుళ్ళిన ఆకును నత్త తింటుంది. ఎవరి వ్యర్థం ఎవరికో ఆహారం.

గాస్ ఈ సమతుల్య సూత్రాన్ని సముద్రపు నీటికి అన్వయించి, ఎవరైనా ఇంటిలో ఆచరించగల పద్ధతిగా తీర్చిదిద్దాడు. 1853 మే మాసంలో లండను జంతుప్రదర్శనశాలలో లోకంలోనే తొలి ప్రజా మత్స్యశాల తెరచినప్పుడు అందులోని సముద్ర జీవులలో అనేకం ఆయన పంపినవే. 1854లో ఆయన వ్రాసిన గ్రంథంతో అక్వేరియం అనే మాట ఇంటింటి మాట అయినది. అందులోని రంగుల పటాలకు బొమ్మలు గీసినదీ ఆయనే.

ఆనాటి తొట్టె నిర్మాణం మన ప్రాంతీయులకు ఆసక్తి కలిగించక మానదు. అడుగు భాగానికీ, తరచు ప్రక్కలకూ వాడినది పలకరాయి. మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దిన తరాలకు ఆ రాతి గుణం వేరుగా చెప్పనక్కరలేదు. అది పొరలు పొరలుగా చీలి బల్లపరుపుగా వస్తుంది, ఉప్పునీటికి చెడదు. ఇనుమైతే తుప్పు పడుతుంది. రాగి అయితే వెన్నెముక లేని జీవులకు విషమవుతుంది. ముందు భాగానికి మందమైన గాజు బిగించేవారు. లోపల ఇసుక పరచి, రాళ్ళను గుహలవలె పేర్చి, నీరు నింపి, ముందుగా నాచును నాటేవారు. సముద్రపు నాచుకు భూమి మొక్కలవలె వేళ్ళుండవు. రాతిని పట్టుకొని బ్రతుకుతుంది. పీకి తెస్తే చచ్చిపోతుంది. అందుచేత ఉలి, సుత్తి తీసుకొనిపోయి రాతిముక్కతో సహా తేవాలని గాస్ నేర్పాడు. నాచు నిలదొక్కుకొన్న తరువాతనే జీవులను వదలాలి. ఎండ ఎక్కువైతే గాజు పాచిపడుతుంది. దానిని మేసేందుకు సముద్రపు నత్తలు కావాలి. చచ్చిన దానిని వెంటనే తీసివేయాలి. నీరు ఆవిరై తగ్గితే మంచినీరే పోయాలి. ఎందుకంటే ఆవిరైపోయేది నీరే గాని ఉప్పు కాదు.

తీరానికి దూరంగా ఉన్నవారి మాటేమిటి? దీనికీ ఆయన ఉపాయం ఆలోచించాడు. 1854లో కృత్రిమ సముద్రజలాన్ని తయారుచేసే విధానం ప్రకటించాడు. వంట ఉప్పు, విరేచనానికి వాడే ఎప్సం ఉప్పు, మెగ్నీషియం క్లోరైడు, పొటాషియం క్లోరైడు, ఈ నాలుగింటిని తగు పాళ్ళలో మంచినీట కలిపి, నాచును కొన్ని దినాలు ఉంచి, పిమ్మట జీవులను వదిలాడు. అవి బ్రతికినవి. తర్లుపాడు వంటి మెట్ట ఊరిలోనూ సముద్రపు తొట్టె సాధ్యమేనన్న మాటకు పునాది పడినది ఆ సంవత్సరమే.

ఆ తరువాత జరిగినది గాస్ ఊహించనిది. 1845లో గాజుపై పన్ను రద్దయి గాజు చౌకయినది. రైలు మార్గాలు తీరానికి చేరినవి. ఆయన పుస్తకాలు చేతబట్టుకొని వేలాది జనం బుట్టలతో, సుత్తులతో డెవన్ తీరానికి తరలివచ్చారు. ఇంటింటా గాజు తొట్టె నాగరికతకు చిహ్నమయినది. తెచ్చినవాటిలో అధిక భాగం తెలియనివారి తొట్లలో కుళ్ళిపోయేవి. మళ్ళీ తీరానికి పరుగులు. యుగయుగాలుగా ఎవరూ తాకని మడుగులు కొద్ది సంవత్సరాలలో బోసిపోయినవి. ఎడ్మండ్ పెరిగి పెద్దవాడై ప్రసిద్ధ సాహిత్య విమర్శకుడయ్యాడు. తండ్రీకొడుకుల కథగా 1907లో ప్రచురించిన గ్రంథంలో, తాను బాల్యంలో చూచిన ఆ తీరపు అందం శాశ్వతంగా నశించిందని, అందుకు తన రచనలే కారణమైనవని తండ్రి ఎంతో బాధపడినాడని వ్రాశాడు. తొట్టెలో సమతుల్యం తప్పరాదని లోకానికి బోధించిన వ్యక్తి వల్లనే తీరాన సమతుల్యం తప్పినది. ఇంతకు మించిన విషాదం ఏమున్నది?

వ్యక్తిగత జీవితమూ ఆయనను కలచివేసింది. 1856లో రాయల్ సొసైటీ సభ్యత్వం లభించింది. 1857 ఫిబ్రవరిలో ఎమిలీ రొమ్ము క్యాన్సరుతో మరణించింది. గాస్ దృఢమైన క్రైస్తవ విశ్వాసి. భూమి అతి ప్రాచీనమన్న భూగర్భ శాస్త్రాన్నీ, సృష్టి ఒక్కమారుగా జరిగినదన్న తన విశ్వాసాన్నీ సమన్వయించడానికి ఆ ఏడే ఒక గ్రంథం వ్రాశాడు. సృష్టింపబడిన క్షణాననే భూమి ప్రాచీనతా చిహ్నాలతో వెలసినదని ఆయన వాదం. శాస్త్రజ్ఞులూ ఒప్పలేదు, మతవాదులూ మెచ్చలేదు. అయినా ఆయన తన పనిని వదలలేదు. డెవన్‌లోని సెయింట్ మేరీచర్చిలో స్థిరపడి, సాగర కుసుమాలనూ పగడాలనూ గురించిన మహాగ్రంథాన్ని 1860 నాటికి ముగించాడు. అదే ఏట ఎలైజా బ్రైట్‌వెన్‌ను వివాహమాడాడు. ముదిమిలోనూ సూక్ష్మదర్శినిని వీడక, డెబ్బది ఆరవ యేట హడ్సన్ అనే శాస్త్రజ్ఞునితో కలిసి సూక్ష్మ జలజీవులపై గ్రంథం వెలువరించాడు. 1888 ఆగస్టు 23వ తేదీన కన్నుమూశాడు.

ఆయన నాటిన విత్తు మన దేశంలోనూ మొలకెత్తింది. 1909లో మద్రాసు మెరీనా తీరాన సముద్ర మత్స్యశాల వెలసింది. అప్పటికి తర్లుపాడు ప్రాంతం కర్నూలు జిల్లాలో, మద్రాసు రాజధానిలో భాగం. చదువులకూ, కోర్టు పనులకూ చెన్నపట్నం పోయే తెలుగువారికి సజీవమైన సముద్ర జీవులను కూర్చుకొన్న తొట్లు అక్కడ కనబడేవి. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో అది మూతపడింది. 1961లో జకార్తా నివాసి లీ చిన్ ఎంగ్, జీవరాశితో నిండిన పగడపు దిబ్బ రాళ్ళను తొట్టెలో పేర్చి, గాలి బుడగలతోనే పగడాలను పెంచిన విధానం ప్రకటించాడు. గాస్‌కు తెలియని రహస్యం ఆ రాళ్ళలోనే ఉన్నది. జీవుల మలినాన్ని విషరహితం చేసేవి నాచు మాత్రమే కాదు, రాళ్ళలో నివసించే సూక్ష్మజీవులు కూడ. అవి వృద్ధిపొందడానికి కొన్ని వారాలు పడుతుంది. అంతవరకు ఓపిక పట్టలేనివాని తొట్టె శ్మశానమే.

ఇప్పుడు మన ప్రాంతంలో ఎవరైనా వేయి లీటర్ల పగడపు తొట్టెను తలపెట్టారనుకొందాము. నీటి బరువే ఒక టన్ను. నేల దానిని మోయాలి. లీటరుకు సుమారు 35 గ్రాముల చొప్పున 35 కిలోల లవణాలు కావాలి. మన బోరు నీటిలో ఫ్లోరైడు, ఇతర లవణాలు అధికం గనుక శుద్ధిచేసిన నీరే వాడాలి. పగడాలకు 25 డిగ్రీల పరిసరాన వేడిమి చాలు. మన వేసవి 40 డిగ్రీలు దాటుతుంది గనుక నీటిని చల్లబరచే యంత్రం తప్పదు. కరెంటు పోతే కొన్ని గంటలలోనే ప్రాణవాయువు తగ్గిపోతుంది గనుక మారు ఏర్పాటు ఉండాలి. కంభం చెరువును ఎరిగినవారికి ఇందులోని ధర్మం కొత్త కాదు. వచ్చే నీరు, పోయే నీరు, అలుగు, పూడిక, వీటిలో ఏ ఒక్కటి మరచినా చెరువు నిలువదు. తొట్టె మాత్రం ఎట్లు నిలుస్తుంది?

అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న, పగడం ఎక్కడిది అన్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రింద 2001లో మన దేశం పగడపు జీవులను మొదటి షెడ్యూలులో చేర్చి, పులితో సమానంగా రక్షణ కల్పించింది. మన సముద్రాల నుండి పగడాన్ని పెకలించడం నేరం. విదేశాలలో అనేకులు తొట్టెలో పెరిగిన పగడం నుండే చిన్న ముక్కను తీసి, మరొక తొట్టెలో పెంచుతున్నారు. తీరాన్ని దోచుకోకుండ తోటివాని తోట నుండి అంటు తెచ్చుకోవడమన్నమాట. గాస్ వేదనకు ఆలస్యంగానైనా దొరికిన సమాధానమిది.

పేదరికంలో పుట్టి, కళాశాల ముఖం చూడక, కేవలం పరిశీలనా శక్తితో శాస్త్రలోకంలో స్థానం సంపాదించిన ఈ మహనీయుని నుండి మన విద్యార్థులు శ్రద్ధను నేర్చుకోవాలి. అంతకంటె ముఖ్యంగా ఆయన దుఃఖం నుండి హద్దును నేర్చుకోవాలి. నల్లమల అడవి మన గుమ్మం ముందు ఉన్నది, కంభం చెరువు మన ప్రక్కనే ఉన్నది. సుందరమైనదానిని ప్రేమించడమంటే ఇంటికి మోసుకొని రావడం మాత్రమే కాదనీ, అది ఉన్నచోట ఉండనిచ్చి, వంగి, చూచి, నేర్చుకొని రావడం కూడ ప్రేమయేననీ మన యువతీయువకులు గ్రహింతురు గాక!