దూరలక్ష్యానికి కొలత కట్టిన జోసెఫ్ విట్వర్తు

యంత్రశాలలలో పనిచేసినవారికి విట్వర్తు అనే పేరు మరచీలతోపాటే పరిచయం. చీలమీది చుట్లు ఎంత కోణంలో ఉండాలో, అంగుళానికి ఎన్ని ఉండాలో నిర్ణయించి, ఒక ఊరి చీలకు మరొక ఊరి నట్టు పట్టేటట్లు చేసినవాడు ఆయన. మన దేశపు రైల్వే కర్మాగారాలలోనూ మెట్రిక్ కొలతలు రాకపూర్వం ఆ చుట్లు వాడుకలో ఉండేవి. తుపాకి గుండు ఎంత సన్నగా, ఎంత పొడవుగా ఉంటే ఎంత దూరం నేరుగా పోగలదన్న ప్రశ్నకు కూడా అదే మనిషి కొలబద్దతో సమాధానం చెప్పాడనీ, ఆ సమాధానాన్ని ఆయన ప్రభుత్వమే తోసిపుచ్చిందనీ ఎరిగినవారు తక్కువ.

జోసెఫ్ విట్వర్తు 1803వ సంవత్సరం డిసెంబరు 21వ తేదీన ఇంగ్లండులో, మాంచెస్టరుకు సమీపంలోని స్టాక్‌పోర్టు పట్టణంలో జన్మించాడు. తండ్రి చార్లెస్ బడిపంతులు. క్రైస్తవ మతబోధకుడు కూడా. పధ్నాలుగవ ఏట కుర్రవానిని డెర్బీషైరులో నూలుమిల్లు నడుపుతున్న మేనమామ దగ్గర పనిలో పెట్టారు. అతడు మిల్లు వ్యవహారాలు నేర్చుకొని స్థిరపడతాడని పెద్దల ఆశ. కాని అతని దృష్టి నూలుమీద నిలవలేదు. నూలు వడికే యంత్రాలమీద నిలిచింది. నాలుగేండ్లు గడిచాక ఆ మిల్లు వదలి మాంచెస్టరుకు పారిపోయి, ఒక కర్మాగారంలో సామాన్య పనివాడుగా చేరాడు. 1825లో ఒక పడవవాని కుమార్తె అయిన ఫ్యానీ ఆంకర్సును వివాహమాడి, ఆమెతో లండను చేరాడు.

ఆనాడు లండనులో హెన్రీ మాడ్‌స్లే యంత్రశాలకు మించిన విద్యాలయం పనివానికి మరొకటి లేదు. విట్వర్తు అక్కడ పనిచేశాడు. పిమ్మట బాబేజి పండితుని గణన యంత్రాన్ని నిర్మిస్తున్న జోసెఫ్ క్లెమెంటు వద్ద కూడా పనిచేశాడు. నిజమైన చదునుపలకను తయారు చేయడం ఎట్లా అన్న సమస్య ఆయనను పట్టుకొన్నది ఈ రోజులలోనే. రెండు లోహపు పలకలను ఒకదానిపై ఒకటి ఆనించి సరిచూస్తే చాలదు. ఒకటి ఉబ్బెత్తుగా, రెండవది పల్లంగా ఉన్నా అవి చక్కగా అతుకుతాయి. మూడవ పలకను కూడా చేర్చి, ప్రతి పలకనూ మిగిలిన రెండింటితో సరిచూస్తూ, ఎత్తుగా ఉన్నచోట గీకుతూ పోతే, మూడూ పరస్పరం అతికిన నాడు మూడూ చదునైనవే అయి తీరాలి. రేఖాగణితం చెప్పే ఉపాధ్యాయునికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

1833లో ఆయన మాంచెస్టరుకు తిరిగివచ్చి, ఆవిరిశక్తి లభించే ఒక గదిని అద్దెకు తీసుకొని సొంత పనిముట్ల కర్మాగారం పెట్టాడు. 1841లో మరచీలల చుట్లకు 55 డిగ్రీల కోణాన్ని ప్రతిపాదించాడు. 1851లో లండనులో జరిగిన మహాప్రదర్శనంలో అంగుళంలో పదిలక్షవవంతు భేదాన్ని పట్టి చూపే యంత్రాన్ని ప్రదర్శించి జనాన్ని విభ్రాంతులను చేశాడు. యాభై ఏండ్లు నిండకముందే ఇంగ్లండులో పనిముట్ల తయారీకి ఆయన మాటే ప్రమాణమైంది.

క్రిమియా యుద్ధం వచ్చిపడింది. ఎన్‌ఫీల్డు రైఫిళ్ళను వేలకొద్దీ యంత్రాలమీద చేయవలసి రాగా, 1854లో ప్రభుత్వం విట్వర్తును ఆశ్రయించి, గొట్టాలు తయారు చేసే యంత్రాలను రూపొందించమని కోరింది. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. మంచి గొట్టం ఎందువల్ల మంచిదయిందో తుపాకుల పనివారిలో ఎవరూ నిశ్చయంగా చెప్పలేకపోయారు. గొట్టం ఎట్లా ఉండాలో తేలకుండా దానిని చేసే యంత్రాన్ని ఎట్లా రచించడం? ముందు పరీక్షలు జరపాలన్నాడు. విట్వర్తు గొప్పతనం ఆయన కనిపెట్టిన వస్తువులలోకంటె ఈ ఒక్క పట్టుదలలోనే ఎక్కువగా కనబడుతుంది. ప్రభుత్వ వ్యయంతో మాంచెస్టరులోని ఆయన ఇంటి ఆవరణలో 500 గజాల పొడవున గాలి చొరని ఒక పొడవాటి శాల లేచింది. గాలివాన వచ్చి దానిని కూల్చివేసింది. మళ్ళీ కట్టారు. 1855 మార్చిలో పరీక్షలు ఆరంభమైనాయి. గుండు దారిలో అక్కడక్కడ పలుచని కాగితపు తెరలు వేలాడదీసి, వాటికి పడిన చిల్లులనుబట్టి గుండు ఎక్కడ లేచిందో, ఎక్కడ వంగిందో, ఎక్కడ పల్టీ కొట్టిందో చదివేవాడు.

ఎన్‌ఫీల్డు గొట్టం లోవ్యాసం 0.577 అంగుళం, గుండు బరువు 530 గ్రెయినులు, అంటే సుమారు 34 గ్రాములు. విట్వర్తు ఆ బరువును మార్చలేదు. మందునూ పెంచలేదు. అదే సీసాన్ని సన్నగా, పొడవుగా సాగదీశాడు. వ్యాసం 0.451 అంగుళానికి దిగింది. వ్యాసంలో ఈ తగ్గుదల స్వల్పమే అనిపిస్తుంది. వైశాల్యం లెక్క కడితే గాలికి ఎదురొడ్డే ముఖం ఇంచుమించు అయిదింట మూడువంతులకు తగ్గిపోయింది. బరువు అంతే ఉండి, గాలి అడ్డు తగ్గితే, గుండు తన వేగాన్ని చాలా దూరందాకా నిలుపుకొంటుంది.

అయితే పొడవైన గుండుకు ఒక చిక్కు ఉంది. అది దారిలో తలక్రిందులు కావాలని చూస్తుంది. దానిని నిలబెట్టేది భ్రమణం ఒక్కటే. వేగంగా తిరిగే బొంగరం నిటారుగా నిలుస్తుంది, వేగం తగ్గగానే తూలుతుంది. ఇది బాలురందరూ ఎరిగినదే. ఎన్‌ఫీల్డు గొట్టంలో మెలిక 78 అంగుళాలకు ఒక చుట్టు. విట్వర్తు దానిని 20 అంగుళాలకు ఒక చుట్టుగా బిగించాడు. అంత బిగువైన మెలికలో మెత్తని సీసం గాడులు తప్పి జారిపోకుండా, గొట్టపు రంధ్రాన్నే షడ్భుజాకారంగా మలచి, ఆ మెలికకు సరిపోయే షడ్భుజాకారపు గుండును కూడా చేశాడు. మరచీల నట్టులో తిరిగినట్లు గుండు గొట్టంలో తిరుగుతుంది. చీలల శిల్పి ఆలోచన చీలల దారినే పోయింది.

1857 ఏప్రిలులో హైత్ అనేచోట యుద్ధమంత్రి సమక్షంలో రెండు తుపాకులనూ పరీక్షించారు. 500 గజాల దూరంలో ఎన్‌ఫీల్డు గుండ్ల సగటు తొలగుడు 2.24 అడుగులు, విట్వర్తువి 0.37 అడుగు, అనగా నాలుగున్నర అంగుళాలు. 1,400 గజాల దూరంలో ఎన్‌ఫీల్డు లక్ష్యాన్ని తాకనే లేదు. విట్వర్తు తుపాకి తాకుతూనే ఉంది.

ఆ వసంతంలోనే ఎన్‌ఫీల్డు పేరు మన దేశంలో మరొక కారణంగా మారుమోగింది. ఆనాటి తూటా అంటే మందునూ గుండునూ చుట్టిన కాగితపు పొట్లం. దానిని పంటితో చించి మందు పోయాలి. ఆ కాగితానికి పూసినది ఆవు కొవ్వనీ, పంది కొవ్వనీ సిపాయిలలో పుట్టిన కలవరం మే 10వ తేదీన మీరట్‌లో మంటగా లేచింది. విట్వర్తు తన రైఫిలుకు వేరుగా ఒక తూటా చేయించాడు. గట్టి కాగితపు గొట్టాన్ని తుపాకి మూతికి ఆనించి, అడుగున ఉన్న పట్టీని లాగితే మందు ఒలకకుండా లోపలికి దిగుతుంది. ఆ వెనుకనే గుండును కడ్డీతో దించాలి.

1860 జూలై 2వ తేదీన వింబుల్డన్ మైదానంలో జాతీయ రైఫిలు సంఘం తొలి పోటీలను విక్టోరియా రాణి ప్రారంభించింది. విట్వర్తు తన రైఫిలును ఇనుప పీటపై బిగించి, 400 గజాల దూరంలోని గురికి సరిచేసి ఉంచగా, రాణి పట్టుత్రాడును లాగింది. గుండు గురి నడిబిందువుకు ఒకటింబావు అంగుళంలో తగిలింది.

ఇంత జరిగినా సైన్యం ఆ రైఫిలును స్వీకరించలేదు. రంధ్రం మరీ సన్నమన్నారు; నల్లమందు మసి త్వరగా పేరుకొని గుండు దిగడం కష్టమవుతుందన్నారు; ఖరీదు చాలా ఎక్కువన్నారు. ఈ అభ్యంతరాలను కేవలం మూర్ఖత్వమని కొట్టివేయడానికి వీలులేదు. పోటీ మైదానంలో ప్రతి కాల్పుకూ గొట్టం తుడుచుకొనే తీరిక ఉంటుంది. యుద్ధరంగంలో సిపాయికి ఉండదు. అయితే మసి, ఖరీదు అప్పటి మందుకూ పనితనానికీ సంబంధించిన లోపాలు. సన్నదనమే తప్పన్న వాదం మాత్రం నిలవలేదు. విట్వర్తు స్వభావం కూడా ఆయనకు అడ్డు వచ్చింది. మొండి మనిషి, తన కొలతలో వెంట్రుకవాసి సడలించడు. ఫిరంగుల విషయంలో ఆయనకు పోటీగా నిలిచిన విలియం ఆర్మ్‌స్ట్రాంగుకు 1859లో ప్రభుత్వోద్యోగమూ, సర్ బిరుదమూ లభించగా, విట్వర్తు వెలుపలే నిలిచిపోయాడు.

స్వదేశం కాదన్న ఆ రైఫిలు అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణ రాష్ట్రాల సైన్యానికి కొద్ది సంఖ్యలో చేరింది. ఏరికోరిన గురికాండ్రకే దానిని ఇచ్చారు. 1864 మే 9వ తేదీన స్పాట్‌సిల్వేనియా వద్ద ఉత్తర సైన్యపు సేనాని జాన్ సెడ్జ్‌విక్, దూరంనుండి వస్తున్న గుండ్లకు తలలు వంచుతున్న తన సిపాయిలను నవ్వుతూ మందలించాడు. అంత దూరంనుండి శత్రువులు ఏనుగును కూడా కొట్టలేరని ఆయన నమ్మకం. కొద్ది నిమిషాలకే ఎడమ కంటి క్రింద గుండు తగిలి కూలిపోయాడు. అది విట్వర్తు గుండేనని పలువురి నిశ్చయం. తాను సాధించిన కొలతకు మనిషి ప్రాణంతో కూడా లెక్క పడుతుందని ఆ శాల కట్టిననాడే విట్వర్తు ఎరుగును. అయినా ఆయన వెనుదీయలేదు. జీవితచరిత్ర వ్రాసేవారు ఆయన చీలలను పొగుడుతూ ఈ సంగతిని దాటివేయడం న్యాయం కాదు.

1871లో బ్రిటిషు సైన్యం మార్టినీ-హెన్రీ రైఫిలును స్వీకరించింది. దాని వ్యాసం 0.45 అంగుళం, మెలిక 22 అంగుళాలకు ఒక చుట్టు. పద్నాలుగేండ్ల క్రితం కాదన్న కొలత ఇంచుమించు అదే; పేరు మాత్రం వేరొకరిది.

ధనానికి ఆయనకు లోటు రాలేదు. 1868లో యువ యంత్రకారుల విద్యకై ఏటా నూరేసి పౌనుల వేతనాలను ముప్పదింటిని నెలకొల్పాడు. గణితం వచ్చినవానికి ఆకురాయి పట్టడం కూడా రావాలనీ, ఆకురాయి పట్టినవానికి గణితం కూడా రావాలనీ నియమం పెట్టాడు. ఆ వేతనాలు నేటికీ సాగుతున్నాయి. 1869లో బారొనెట్ బిరుదం వచ్చింది. ఫ్యానీతో కాపురం అంతకుముందే విడిపోయింది. 1870లో ఆమె మరణించాక, మరుసటి ఏడు మేరీ లూయిసా ఆరెల్ అనే వితంతువును వివాహమాడాడు. సంతానం లేదు. 1887 జనవరి 22వ తేదీన మాంటికార్లోలో మరణించాడు. ఆయన ఆస్తిలో అధికభాగం మాంచెస్టరులో ఉద్యానవనంగా, చిత్రశాలగా, వైద్యాలయంగా రూపొందింది.

ఆయన మరణించిన మరుసటి సంవత్సరమే, 1888లో, బ్రిటిషు సైన్యం 0.303 అంగుళపు లీ-మెట్‌ఫర్డు రైఫిలును తీసుకొన్నది. అప్పటికి ఫ్రాన్సులో పాల్ వియేల్ పొగరాని మందును కనిపెట్టి ఉన్నాడు; గుండు మరింత సన్నబడింది. దూరలక్ష్యపు పోటీలు మాత్రం అంతకుముందే సముద్రం దాటాయి. 1874లో న్యూయార్కు సమీపాన క్రీడ్‌మూర్ మైదానంలో 800, 900, 1,000 గజాల దూరాలలో ఐర్లండువారికీ అమెరికావారికీ పోటీ జరిగి, 931కి 934 పాయింట్లతో అమెరికావారు నెగ్గారు. ఐర్లండువారి చేతిలోనివి విట్వర్తు బాటలో మూతినుండి మందు దట్టించే సన్నగొట్టపు రైఫిళ్ళు. 2007లో అమెరికాలో దూరపు గురికోసమే రూపొందించిన ఒక సన్నని తూటాకు ఆ మైదానం పేరు పెట్టి, 6.5 క్రీడ్‌మూర్ అన్నారు. దాని గుండు వ్యాసం 0.264 అంగుళం, వ్యాసానికి మించిన పొడవు గలది, దానిని నిలబెట్టడానికి గొట్టంలో సాధారణంగా ఎనిమిది అంగుళాలకు ఒక చుట్టు చొప్పున మెలిక వేస్తున్నారు.