మహాశిల్పి మైకెలాంజిలో

కుమ్మరి చేసిన కుండ వంకరపోయినచో అతడు ఆ మట్టిని మరల ముద్దచేసి సారెపై నుంచును. చిత్రకారుడు గీచిన గీత తప్పినచో దానిపై మరియొక రంగు పూయును. శిల్పికి అట్టి వెసులుబాటు లేదు. రాతినుండి అక్కరలేని భాగమును తొలగించుటయే అతని పని. ఉలిదెబ్బకు గోరంత పెచ్చు ఎక్కువగా రాలినను దానిని మరల రాతిలో కలుపజాలడు. కావున శిల్పి ఉలి నెత్తుటకు ముందే విగ్రహమునంతయు మనస్సులో చూడగలిగి యుండవలెను. అట్లు చూడగలిగినవారిలో అగ్రగణ్యుడు ఇటలీ దేశపు మైకెలాంజిలో. ఇతరులు చెడగొట్టి విడిచిపెట్టిన రాతినుండి అతడు లోకము మెచ్చిన విగ్రహమును వెలువరించెను.

మైకెలాంజిలో 1475వ సంవత్సరము మార్చి 6వ తేదీన కప్రేసె అను చిన్న గ్రామమున జన్మించెను. అతని తండ్రి లొడొవీకో అప్పుడు ఆ గ్రామమునకు అధికారిగా నుండెను. కొలదికాలమునకే ఆ కుటుంబము తమ స్వస్థలమగు ఫ్లారెన్సు నగరమునకు మరలివచ్చెను. అచ్చటికి సమీపమున రాతిగనులుగల సెత్తిన్యానో గ్రామము కలదు. ఆ గ్రామమున ఒక దాదికి శిశువును అప్పగించిరి. ఆమె పుట్టినింటివారును, మెట్టినింటివారును రాళ్ళు చెక్కి జీవించువారే. తనకు దాదిపాలతోనే ఉలియు, సుత్తియు అబ్బినవని మైకెలాంజిలో పెద్దవాడైన తరువాత పరిహాసముగా చెప్పుచుండెడివాడు. అతనికి ఆరేండ్ల వయస్సున తల్లి మరణించెను.

తండ్రి బాలుని బడికి పంపెను. కాని అతని మనస్సు వ్యాకరణమున నిలువలేదు. తీరిక చిక్కినప్పుడెల్ల అతడు బొమ్మలు గీయుచుండెను. తమది గౌరవముగల వంశమనియు, చేతిపనితో బ్రదుకుట తమకు తలవంపులనియు తండ్రి తలంచెను. తండ్రియు, పినతండ్రులును బాలుని మందలించిరి, కొట్టిరి. ఎన్ని దెబ్బలు తిన్నను అతడు బొమ్మలను విడువలేదు. తుదకు తండ్రి మెత్తబడి, 1488లో పదుమూడేండ్ల కుమారుని గిర్లాండాయో అను ప్రసిద్ధ చిత్రకారునియొద్ద శిష్యునిగా చేర్చెను.

అచ్చట అతడు ఎక్కువకాలము ఉండలేదు. ఆ దినములలో ఫ్లారెన్సు నగరమున లోరెంజో అను ప్రభువు మిక్కిలి పలుకుబడి కలవాడు. అతడు తన యుద్యానవనమున ప్రాచీన శిల్పములను సేకరించి, యువకులకు శిల్పవిద్య నేర్పించుచుండెను. మైకెలాంజిలో అచ్చట ప్రవేశించి, ముసలి వనదేవత తల యొకదానిని చూచి, దానివంటిదానిని చలువరాతిలో చెక్కెను. నోరు తెరచి నవ్వుచున్న ఆ ముఖమున పండ్లన్నియు చక్కగా నుండెను. లోరెంజో దానిని చూచి, ముసలివారికి పండ్లన్నియు మిగిలియుండునా అని హాస్యమాడెను. ఆయన అటు వెడలగానే బాలుడు ఒక పన్ను ఊడగొట్టి, చిగురున గుంట కూడ తొలిచెను. మరల వచ్చి చూచిన లోరెంజో ఆ బాలుని శ్రద్ధకు నవ్వుకొని, ముచ్చటపడి, అతనిని తన యింటనే యుంచుకొని కన్నబిడ్డవలె ఆదరించెను.

1492లో లోరెంజో మరణించెను. ఆశ్రయము పోయినను మైకెలాంజిలో విద్యార్జన మానలేదు. మనుష్యదేహమును పైనుండి చూచినంతమాత్రమున శిల్పికి చాలదని అతడు గ్రహించెను. చేయి ఎత్తునపుడు ఏ కండ ఉబ్బును? మెడ త్రిప్పునపుడు ఏ నరము బిగియును? ఈ మర్మములు తెలియుటకై అతడు ఒక మఠాధిపతి అనుమతి పొంది, మఠపు ఆస్పత్రిలో మృతకళేబరములను కోసి పరిశీలించెను. అది అసహ్యము కలిగించు పనియైనను అతడు వెనుదీయలేదు. మఠాధిపతికి కృతజ్ఞతగా కొయ్యతో ఒక సిలువవిగ్రహమును చేసి సమర్పించెను.

1496లో అతడు రోమునగరమునకు పోయెను. అచ్చట ఒక ఫ్రెంచి మతాధికారి కోరికపై, మృతుడైన ఏసుక్రీస్తును ఒడిలో నుంచుకొన్న తల్లి మరియమ్మ విగ్రహమును చెక్కెను. ఆమె వస్త్రపు ముడుతలును, ఆయన వ్రేలాడు చేయియు చూచినవారికి అది రాయియను తలంపే కలుగలేదు. అప్పటికి అతనికి ఇరువదియైదేండ్లు నిండలేదు. కొందరు బాటసారులు ఆ విగ్రహమును మరియొక శిల్పి చేసినదని చెప్పుకొనుచుండగా అతడు విని, రాత్రివేళ దీపముతో వచ్చి, మరియమ్మ రొమ్ముమీది పట్టీపై తన పేరు చెక్కెనని చెప్పుదురు. అతడు తన పేరు చెక్కిన విగ్రహము అదియొక్కటే.

ఇంతలో ఫ్లారెన్సు నగరమున అతని కొరకు ఒక రాయి వేచియుండెను. ఆ నగరపు ప్రధాన దేవాలయమునకు చెందిన కార్యశాలలో సుమారు 17 అడుగుల పొడవుగల చలువరాయి యొకటి పడియుండెను. కరారా కొండలనుండి దానిని తెప్పించిరి. 1464లో అగస్టీనో అను శిల్పికి ఆ పని నొప్పగించిరి. అతడు కొంతవరకు పైపైన చెక్కి విడిచిపెట్టెను. 1476లో మరియొక శిల్పిని నియమించిరి. అతని వలనను పని సాగలేదు. రాయి పొడవునకు తగిన మందము లేదు. పైగా కాళ్ళు రావలసిన తావున దానిని లోతుగ తొలిచి చెరచిరి. ఎండకు ఎండుచు, వానకు తడియుచు ఆ రాయి అట్లే యుండెను. నగరవాసులు దానిని భీమకాయుడని పిలుచుకొనుచుండిరి. దానిని ఇంకెవరైన బాగుచేయగలరా అని అధికారులు విచారించుచుండిరి.

ఈ వార్త విని మైకెలాంజిలో ఫ్లారెన్సునకు మరలివచ్చెను. రాతిని నలుదెసల కొలిచి పరిశీలించెను. తనకు వేరు రాతిముక్క అతుకవలసిన పని లేదనియు, ఉన్న రాతినుండియే విగ్రహమును తీయగలననియు అతనికి నమ్మకము కలిగెను. 1501 ఆగస్టు 16వ తేదీన ఒడంబడిక జరిగెను. రెండేండ్లలో పని ముగింపవలెను; నెలకు ఆరు బంగారు నాణెములు జీతము. అప్పుడతని వయస్సు ఇరువదియారేండ్లు. పని చెడినచో రాయి శాశ్వతముగ వ్యర్థమగును. రోమున సంపాదించిన కీర్తి స్వస్థలమున మంటగలియును. ఇంత యెఱిగియే అతడు పూనుకొనెను.

చెక్కవలసినది దావీదు విగ్రహము. దావీదు బైబిలు కథలోని గొఱ్ఱెలకాపరి బాలుడు. గొల్యాతు అను మహాకాయుడు సైన్యమునంతయు భయపెట్టుచుండగా, దావీదు వడిసెలతో ఒక్క రాయి విసరి అతనిని కూల్చెను. పూర్వపు శిల్పులు గొల్యాతు తలను పాదములయొద్ద నుంచుకొని నిలిచిన విజేతగా దావీదును చూపిరి. మైకెలాంజిలో అట్లు చేయలేదు. శత్రువు ఇంకను ఎదుట నిలిచియున్నాడు. బాలుడు వడిసెలను భుజముపై నుంచుకొని అతనివంక తీక్ష్ణముగ చూచుచున్నాడు. చేయవలసినది నిశ్చయించుకొనెను గాని ఇంకను చేయలేదు. ఆ క్షణమునే శిల్పి యెన్నుకొనెను. పని ఆరంభింపబోవు తన స్థితియు అట్టిదియే కదా!

సెప్టెంబరు 13వ తేదీ ప్రాతఃకాలమున అతడు పని ప్రారంభించెను. తన పనిని ఇతరులు చూడకుండ రాతిచుట్టును గోడ కట్టించెను. మొదట కాగితముపై చిత్రములు గీచి, పిమ్మట మైనముతో చిన్న నమూనా చేసెను. అతని జీవితచరిత్రను వ్రాసిన వసారి, శిల్పులు రాతిని చెక్కవలసిన పద్ధతిని ఒక పోలికతో వివరించెను. మైనపుబొమ్మను నీటితొట్టిలో వెల్లకిల పరుండబెట్టి, మెల్లమెల్లగ పైకెత్తినచో, మొదట ఎత్తుగానున్న భాగములు నీటిపైకి వచ్చును. పిదప తక్కినవి క్రమముగ కనబడును. తుదకు బొమ్మయంతయు బయటపడును. శిల్పియు అట్లే రాతిని ముందువైపునుండి చెక్కుచు, పైకి వచ్చు భాగములను మొదట వెలికితీసి, లోతైన భాగములను కడపటికి ఉంచుకొనవలెను. అట్లు చేసినచో పొరపాటు జరిగినను వెనుక ఇంకను రాయి మిగిలియుండును. మైకెలాంజిలో పద్ధతి ఇదియే.

ఈ పనికి ఒక్కొక్క దశలో ఒక్కొక్క పనిముట్టు కావలెను. మొదట మొనగల బరువైన ఉలితో కొట్టి పెద్దపెచ్చులు రాల్చుదురు. రూపము కొంత తెలియవచ్చిన తరువాత దువ్వెనవలె పండ్లుగల ఉలిని పట్టుదురు. ఆ ఉలి రాతిపై సన్నని చాళ్ళు గీయుచు, కండల వంపులను అనుసరించి సాగును. పిమ్మట చదునైన ఉలితో ఆ చాళ్ళను చెరిపి, ఆకురాయితో రాచి, కడపట గరుకైన తేలికరాతితో రుద్ది మెఱుగుపెట్టుదురు. దెబ్బ ఎంత బలముగ వేయవలెనో, ఉలిని ఏ వాలున పట్టవలెనో గ్రంథములు చెప్పజాలవు, చేతికే తెలియవలెను. రాతిదుమ్ము కన్నులలోను, ముక్కులోను నిండుచుండగా మైకెలాంజిలో ఇట్లు నెలలకొలది శ్రమించెను.

రాతికిగల లోపములను అతడు తిట్టుకొని కూర్చుండలేదు. రాయి పలుచనిది గనుక దేహమును ముందువెనుకలకు వంపక, తలను మాత్రము ప్రక్కకు త్రిప్పెను. ఆ బరువంతయు నిలుచుటకై కుడికాలి వెనుక చెట్టుమోడును చెక్కెను. రాయి పొడవెంతయో విగ్రహపు ఎత్తును దాదాపు అంతయే. తల పైభాగమున పాత రాతి పైపొర కొంత మిగిలియుండుట సమకాలికులు చూచిరి. అతడు రాతిని అంత పొదుపుగ వాడెను!

1504 ప్రారంభమునకు పని ముగిసెను. అప్పుడు నగరాధ్యక్షుడగు సొడెరీని చూడవచ్చి, ముక్కు కొంచెము లావైనదని పలికెను. ఆయన క్రిందనుండి చూచుటచే అట్లు తోచెనని మైకెలాంజిలో గ్రహించి, వాదింపక, ఉలితోపాటు గుప్పెడు రాతిపొడిని గూడ తీసికొని పైకెక్కెను. ముక్కును తాకకయే ఉలిని కదలించుచు, గుప్పిటిలోని పొడిని కొంచెముకొంచెముగ విడిచెను. ఇప్పుడు విగ్రహమునకు జీవకళ వచ్చినదని సొడెరీని సంతోషించెనట! రాతి విషయమున ఏది తీయరాదో తెలియుటయు విద్యయే.

విగ్రహమును ఎచ్చట నిలుపవలెనని నిర్ణయించుటకు జనవరి 25వ తేదీన ఒక సభ జరిగెను. లియొనార్డో డావించి, బొత్తిచెల్లి మున్నగు ప్రసిద్ధ చిత్రకారులు అందు పాల్గొనిరి. తుదకు నగరసభాభవనపు ద్వారమున నిలుప నిశ్చయించిరి. ఆ చిన్న రాజ్యము 1494లో తన ప్రభువంశమును వెడలగొట్టి, బలవంతులగు శత్రువులనడుమ స్వాతంత్ర్యమును కాపాడుకొనుచుండెను. దావీదులో ఆ ప్రజలు తమ్ము తాము చూచుకొనిరి. మే 14వ తేదీ రాత్రి కార్యశాల ద్వారముపైని గోడను పగులగొట్టి విగ్రహమును బయటికి తెచ్చిరి. కొయ్యచట్రమున మోకులతో దానిని వ్రేలాడదీసి, కొవ్వు రాచిన దూలములమీద నలువదిమందికి పైగా కూలీలు దొరలించిరి. అర మైలైన లేని దూరమునకు నాలుగు దినములు పట్టెను. దారిలో రాత్రివేళ కొందరు దానిపై రాళ్ళు రువ్వగా కావలి పెట్టవలసివచ్చెను. సెప్టెంబరు 8వ తేదీన విగ్రహమును ప్రజలకు చూపిరి. ఎండవానలనుండి కాపాడుటకై 1873లో దానిని ఆ నగరముననే యున్న అకాడెమీ ప్రదర్శనశాలకు తరలించిరి. పూర్వస్థానమున 1910లో దాని ప్రతిరూపమును నిలిపిరి.

ఆ తరువాత మైకెలాంజిలో ఆరు దశాబ్దములు జీవించెను. తాను శిల్పినే యని చెప్పుకొనుచున్నను, పోపు ఆజ్ఞచే 1508 నుండి 1512 వరకు రోమునందలి సిస్టీను దేవాలయపు పైకప్పున అద్భుతచిత్రములను వ్రాసెను. మోషే విగ్రహమును చెక్కెను. వార్ధకమున సెయింటు పీటరు దేవాలయ నిర్మాణభారమును జీతము లేకయే వహించెను. ఇంత చేసినను రాయి అతనికి సర్వదా లొంగలేదు. డెబ్బదియేండ్లు దాటిన పిదప, రాత్రులందు కాగితపుటోపీలో క్రొవ్వువత్తి నిలుపుకొని, ఆ వెలుగున ఒక విగ్రహమును ఎనిమిదేండ్లు చెక్కెను. ఆ రాయి మితిమీరిన గట్టిది, లోపములు కలది. ఒకనాడు విసిగి తన సుత్తితోనే దానిని పగులగొట్టెను. అయినను ఉలిని విడువలేదు. మరణమునకు ఆరు దినములకు పూర్వము కూడ మరియొక విగ్రహమును చెక్కుచుండెను. 1564 ఫిబ్రవరి 18వ తేదీన, ఎనుబదియెనిమిదేండ్ల వయస్సున రోమునగరమున కన్నుమూసెను. అతని దేహమును ఫ్లారెన్సునకు కొనిపోయి సమాధిచేసిరి.

నేడు దావీదు నిలిచియున్న ప్రదర్శనశాలలో, ఆ విగ్రహమునకు పోవు దారి కిరువైపుల, అతడు ముగింపని బందీల విగ్రహములు కలవు. ఒకనికి రొమ్మును, మోకాలును మాత్రము వెలువడినవి. ఒకని తల యింకను రాతిలోనే యున్నది. పండ్ల ఉలి గీచిన చాళ్ళు వానిపై స్పష్టముగ కనబడును. మెఱుగుదేరిన దావీదును చూచినవారు ఆ శిల్పి నైపుణ్యమును మెచ్చుకొందురు. ఈ బందీలను చూచినవారు ఆ నైపుణ్యము వెనుకనున్న శ్రమను తెలిసికొందురు. చెడిన రాయియని లోకము విడిచినదానియందు మంచిని చూడగల దృష్టియు, ఆ మంచి బయటపడువరకు ఒక్కొక్క పెచ్చును రాల్చు ఓర్పును మైకెలాంజిలో మనకు విడిచిపోయిన ఆస్తి.