పదకవితాపితామహుడు అన్నమాచార్యుడు

మన పాఠశాలయందు ప్రార్థనవేళ పాడుకొను తెనుగు కీర్తనలకు మొదట పల్లవియు, పిదప చరణములును గలవు. ప్రతి చరణాంతమందును పల్లవిని మరల నెత్తుకొందుము. ఈ రూపము మన క్రైస్తవ కవులు నూతనముగా కల్పించినది గాదు. పాశ్చాత్య దేశములనుండి వచ్చినదియు గాదు. దీనిని తెనుగున స్థిరపరచినవారిలో ప్రథమగణ్యుడు మన తిరుపతి కొండమీద జీవితమును గడపిన తాళ్లపాక అన్నమాచార్యుడు. మతము వేరైనను ఆయన ఋణము మనకును గలదు. కావున ఆ మహనీయుని చరిత్రమును విద్యార్థులకు సంగ్రహముగా దెలుపబూనితిమి.

అన్నమాచార్యుడు 1408వ సంవత్సరమున రాజంపేట సమీపమందలి తాళ్లపాక గ్రామమున జన్మించెను. తండ్రి నారాయణసూరి, తల్లి లక్కమాంబ. మనుమడైన చిన్నన్న ద్విపదలో రచించిన చరిత్రమువలన బాల్యవిశేషములు తెలియుచున్నవి. ఇంటివారు పశువులకు గడ్డి కోయుటకై బాలుని బొలమునకు బంపగా, కొడవలి తగిలి వ్రేలు తెగెనట. అంతట నాతడు కొడవలి నచటనే విడిచి, తిరుమలకు బోవు యాత్రికులతో గలసిపోయెను. పదునారవయేట, అనగా 1424లో, సంకీర్తనరచన కారంభించి, 1503లో మరణించువరకు, సుమారు ఎనుబదియేండ్లు, ఆ వ్రతమును విడువలేదు. భార్య తిమ్మక్కయు సుభద్రాకల్యాణమను కావ్యమును రచించిన విదుషీమణి.

సాళువ నరసింహుడు టంగుటూరిలో నుండగా ఈ కవితో మైత్రి చేసెను. పిమ్మట 1485లో విజయనగర సింహాసనము నధిష్ఠించినవాడు ఇతడే. దైవమును గూర్చి పాడినట్లే తన్ను గూర్చియు పాడుమని ప్రభువు కోరగా, కవి నిరాకరించి సంకెలల పాలయ్యెనని చరిత్రము చెప్పుచున్నది. సంకెలలు తామై వీడెనన్న మాటను నమ్మువారు నమ్ముదురు. మనము నేర్వవలసినది మాత్రము స్పష్టము: తన విద్యను ఆయన విక్రయింపలేదు.

ఆయన పాటల పుట్టుకను విచారింతము. పండితులు పద్యకావ్యములనే కవిత్వమని గౌరవించిన దినములవి. అన్నమాచార్యుడు రోటివద్ద దంచువారి సువ్విపాటలను, ఊయెల యొద్ద తల్లుల జోలలాలిపాటలను, గొబ్బిపాటలను, కోలాటపు పాటలను, వసంతోత్సవపు జాజరలను చేకొని, వానికి రాగమును, భావమును గూర్చి దేవాలయమునకు గొనిపోయెను. సంస్కృతమున సంకీర్తనలక్షణమును వ్రాసెను. ఆ మూలము నశించినను, మనుమడు చిన తిరుమలాచార్యుని తెనుగుసేత నిలిచియున్నది. తరువాతి కాలమున క్షేత్రయ్య పదములలోను, త్యాగరాజు (1767–1847) కృతులలోను పాట నూతన శైలులను దాల్చెను. పల్లవిని సంగతులతో విస్తరించుట, అనుపల్లవికి బ్రాధాన్యమిచ్చుట క్రమముగా వృద్ధిపొందినవి.

ఆయన రచించినవి ముప్పదిరెండు వేల సంకీర్తనలని మనుమడు చెప్పెను. కుమారుడు పెద తిరుమలాచార్యుని పూనికచే అవి రాగిరేకులపై జెక్కబడి, తిరుమల యాలయములోని రాతి యరలో భద్రపరుపబడెను. అంత దాదాపు నాలుగు శతాబ్దములు లోకము వానిని మరచెను. 1922 ప్రాంతమున అవి వెలికివచ్చునప్పటికి లభించిన రేకులు రెండువేలకు పైబడినవి. పాటలు పండ్రెండు వేలకు మించినవి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి మున్నగువారు వానిని బరిష్కరించిరి.

అయితే ఒక గొప్ప నష్టము గలదు. రేకులపై మాటలున్నవి, రాగము పేరున్నది, స్వరములు లేవు. పాడువారి వరుస తెగగానే ఆయన పాడిన బాణీ గాలిలో గలసిపోయెను. ఇట్టి నష్టము అన్యదేశములకును గలిగినది. అమెరికాలో న్యూ ఆర్లియన్సు పట్టణమున నల్లజాతివారి శ్రమపాటలనుండియు, ప్రార్థనగీతములనుండియు బలము గైకొని జాజ్ సంగీతము పుట్టెను. దాని యాదిపురుషులలో నొకడైన బడ్డీ బోల్డెన్ కార్నెట్ వాద్యమున బ్రసిద్ధుడు, 1931లో మరణించెను. ఆయన వాయించినది ఒక్కటియు రికార్డుగా నేడు మిగులలేదు. జాజ్ యొక్క మొదటి రికార్డు 1917లో వెలువడునప్పటికి ఆయన వాదనము నిలిచి పదేండ్లయ్యెను. రాగి మాటను దాచగలదు గాని గొంతును దాచలేదు. గొంతును దాచు యంత్రమున్నను సమయమునకు నడుపువాడు లేనిచో వ్యర్థమే.

రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ నూరింటికి మించిన సంకీర్తనలకు స్వరములు గూర్చి మరల లోకమున వ్యాపింపజేసెను. మనము నేడు వినునవి ఆయనవంటి విద్వాంసుల బాణీలే గాని అన్నమయ్యవి గావు. అవి మధురములే, మూలము మాత్రము మరల రాదు.

విద్యార్థులారా, సెలవులకు మీ గ్రామములకు బోయినప్పుడు మీ అవ్వలయొద్ద గూర్చుండుడు. వారు దంచునప్పుడును, నాటువేయునప్పుడును, బిడ్డల నిద్రపుచ్చునప్పుడును పాడిన పాటలను మాటలు వ్రాసికొనుటతో దృప్తిపడక, వారితో గూడ పాడి బాణీ నేర్చికొనుడు. అన్నమాచార్యునికి గురువులైనవి అట్టి పాటలే. అవ్వ గొంతు ఆగిన పిమ్మట ఏ రాగిరేకును వానిని మనకు దిరిగి యీయజాలదు.